ఫుమికో ఆంటీ చేదుకూరలు

పోయిన నెలలో ఒక ఆదివారం ఉతికిన బట్టలు మడత పెట్టుకుంటూ ఉంటే ఫుమికో ఆంటీ కొడుకు పీటర్ ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఏదో ఒక రోజు వస్తుందని నాకు చాలా ఏళ్లుగా తెలుసు. అయినా అతని పేరు చూడగానే చేతిలోని చొక్కా మడత పెట్టకుండానే పక్కన పడేశాను. "అమ్మ ఇవాళ పొద్దున పోయింది సుజాతా. నిద్రలోనే. బాధేమీ పడలేదు" అన్నాడు. ఫుమికో ఆంటీకి తొంభై మూడో ఏడు నడుస్తోంది. అంత్యక్రియలకు నేను ఆక్లాండ్ శివారు హాబ్సన్‌విల్ నుంచి క్రైస్ట్‌చర్చ్ వెళ్లాను. నాలుగు మాటలు మాట్లాడమని పీటర్ ముందే అడిగి ఉన్నాడు కనుక, చదువుకునే రోజుల్లో ఆమె ఇంట్లో ఎలా ఉన్నానో, ఆమె నాకేమేం వండిపెట్టిందో చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత పీటర్ నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు లేకపోతే మా అమ్మ ఇన్నేళ్లు బతికేది కాదు" అన్నాడు. తల ఊపాను. ఆమె ప్రాణం నిలబెట్టానో, ఆమె బతుకును ఆమె చేతిలోంచి లాగేశానో ఆ చోట నిలబడి తేల్చుకోగలిగే విషయం కాదు. ఇంటికి వచ్చాక కూడా తేలలేదు. అక్కడ చెప్పలేకపోయినదే ఇక్కడ రాస్తున్నాను.

నేను న్యూజీలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్ వచ్చేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. మాది జనగామ దగ్గర చిన్న ఊరు. పెళ్లయిన మూడు నెలలకే ఫుడ్ టెక్నాలజీ చదవడానికి ఒక్కదాన్నీ విమానం ఎక్కాను. మా ఆయన శ్రీను ఆర్నెల్ల తర్వాత వచ్చి, ఆక్లాండ్‌లో ఒక గోడౌన్‌లో పని దొరికితే అక్కడే ఉండిపోయాడు. రెండు వారాలకోసారి బస్సెక్కి నా దగ్గరికి వచ్చేవాడు. మొదట్లో నలుగురు స్టూడెంట్స్ ఉన్న ఫ్లాట్‌లో ఉన్నాను. గోడల నిండా బూజు, రాత్రంతా పాటలు. ఒకరోజు మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన కాగితం కనిపించింది. నిశ్శబ్దంగా ఉండే అమ్మాయికి గది ఇస్తానని, వంట తనే చేస్తానని రాసి ఉంది. ఆ సాయంత్రమే వెళ్లి తలుపు తట్టాను. తెల్లటి పొట్టి జుట్టుతో, నిటారుగా, నా భుజం దాకా కూడా రాని ఒక జపనీస్ ఆవిడ తలుపు తీసి, నా ముఖం చూడకముందు నా చెప్పులు చూసింది.

ఆమెది జపాన్‌లో నీగాటా వైపు కొండల్లో ఒక పల్లె. పశువుల డాక్టరుగా జపాన్ వెళ్లిన ఒక కివీని, అంటే ఈ దేశపు మనిషిని, పెళ్లి చేసుకుని ఇరవై నాలుగో ఏట ఇక్కడికి వచ్చేసింది. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఒక్కడే కొడుకు పీటర్, క్రైస్ట్‌చర్చ్‌లో ఇంజినీరు. మిమ్మల్ని ఏమని పిలవమంటారని అడిగితే, "ఫుమికో" అంది. అంత పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆంటీ అంటానన్నాను.

"ఆంటీ అంటే మీ అమ్మ చెల్లెలా?"

"కాదండీ. మాలో పెద్దవాళ్లను అందరినీ అలాగే అంటాం."

"అయితే నేను అందరిలో ఒకదాన్నా?" అని చిన్నబుచ్చుకుంది. అందుకని ఫుమికో ఆంటీ అనడం మొదలుపెట్టాను. రెండూ కలిపి పలికితే ఆమెకు నచ్చింది.

ఆ ఇల్లంటే మొదట్లో నాకు భయంగా ఉండేది. చెక్క ఇల్లు. కొండల మీంచి గాలి వచ్చిందంటే ఎవరో నడుస్తున్నట్టు ఒక గది తర్వాత ఒక గది కిర్రుమనేది. ఫుమికో ఆంటీ మాత్రం చప్పుడు లేకుండా తిరిగేది. నేను లేచేసరికి ఆమె వంటింట్లో నాలుగు పనులు ముగించేది. బియ్యం కడిగిన నీళ్లు పారబోసేది కాదు, చేదు పోగొట్టడానికి పనికొస్తాయని గిన్నెలో ఉంచేది. మా నాయనమ్మ ఆ నీళ్లను కుడితిలో పోసి బర్రెకు పెట్టేది. సముద్రపు నాచు ఉడికే వాసన, నువ్వులు వేగే వాసన, తడి బూడిద వాసన కలిసి ఆ వంటింటికి ఒక వాసన ఉండేది. ఇరవై ఏళ్లు దాటినా ఎక్కడైనా నువ్వులు వేయిస్తుంటే నా ముక్కు తక్కిన రెండింటి కోసం వెతుకుతుంది. ఆమె కూర తరిగేటప్పుడు మాట్లాడేది కాదు. అన్నం గిన్నెలో ఒక్క మెతుకు వదిలినా నా వైపు చూసేది, అంతే.

ఈ దేశంలో ఉగాది ఆకులు రాలే కాలంలో వస్తుంది. వేపపువ్వు లేక మొదటి ఏడాది పచ్చడి చేసుకోలేదని ఆమెతో అన్నాను. పండగ రోజు చేదు తింటారా అని ఆమెకు ఎక్కడలేని సంతోషం కలిగింది. "ఆగు. సెప్టెంబరులో వసంతం వస్తుంది, అప్పుడు నేను పెడతాను నీకు చేదు" అంది. చలికాలమంతా పడుకున్న ఒంటిని లేపేది చేదేనని, వాళ్ల కొండల్లో ఎలుగుబంటి గుహలోంచి బయటికి రాగానే మొదట వెతుక్కునేది చేదు మొగ్గల్నేనని చెప్పింది. అన్నట్టుగానే మంచు కురవడం తగ్గగానే ఒక పొద్దున పెరట్లో నేలను చీల్చుకుని వచ్చిన ఫుకి మొగ్గలు కోసింది. గుండ్రటి పెద్ద ఆకుల మొక్క అది, ఆకు కంటే ముందు మొగ్గ వస్తుంది. వాటిని సన్నగా తరిగి, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దలో వేయించి, వేడి అన్నం మీద చిటికెడు పెట్టింది. నాలుక మీద పెట్టుకోగానే చెవుల దాకా చేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు చేదు వల్ల కాదని ఆమెకు తెలిసిందనుకుంటాను, ఇంకో చిటికెడు పెట్టి లేచి వెళ్లిపోయింది.

అదే నెలలో మాకు వినాయక చవితి. మా ఇళ్లల్లో ఆ రోజు తుమ్మికూర తింటారు. చేన్ల గట్ల మీద ఎవరూ విత్తకుండా మొలిచే ఆకు అది. దొగ్గలి, గునుగు, పొనగంటి, అన్నీ నాయనమ్మ ఒడిలో కోసుకొచ్చేది. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి ఫుమికో ఆంటీ నన్ను అద్దెకున్న పిల్లలా కాక, పని తెలిసిన మనిషిలా చూడటం మొదలుపెట్టింది. శనివారాలు నది ఒడ్డుకు, కొండ దారుల్లోకి తీసుకెళ్లేది. ఉల్లి వాసన కొట్టే తెల్లపూల గడ్డిని కోసి, ఉడికించి, వెనిగరు కలిపిన మిసోతో పెట్టేది. పిడికిలి ముడిచినట్టుండే లేత ఫెర్న్ చిగుళ్లను తెచ్చి, వాటిమీద బూడిద చల్లి, మరిగే నీళ్లు పోసి ఒక రోజంతా వదిలేసేది. ఆ నీళ్లు ఇటుక రంగుకు తిరిగేవి. ఆ చిగుళ్లను వరబి అంటారు. వాటిని మేసిన పశువులకు జబ్బు చేస్తుందని మాకు క్లాసులోనే చెప్పారు. సరిగ్గా అప్పుడే మొక్కల్లో ఉండే విషాల మీద ఒక సబ్జెక్టు చదువుతున్నాను. పగలు ఆ పాఠం, సాయంత్రం ఆ పళ్లెం. ఆమె భర్తా పశువుల డాక్టరే కదా, ఆయన ఏమనేవారని ఒకసారి అడిగాను. "మొదటి ఏడాది తినలేదు. రెండో ఏడాది నేను చావలేదని తిన్నాడు" అంది నవ్వకుండా.

నా భయానికి ఆమె చెప్పే సమాధానం ఒక్కటే, "నా వేళ్లకు తెలుసు." ఆకును చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, అప్పుడు బుట్టలో వేసేది. అది ఆమె పనితనమని ఏడాది పాటు అనుకున్నాను.

రెండో చలికాలంలో ఒక్కొక్కటే గమనించాను. టీ పోసేటప్పుడు కప్పు అంచుకు వేలు ఆనించి ఉంచేది. పోస్టులో వచ్చిన ఉత్తరాలు నేను వచ్చే దాకా తెరిచేది కాదు, కళ్లజోడు ఎక్కడో పెట్టానని చదివించుకునేది. ఒకరోజు నేను ఎదురుగా నిలబడి ఉండగానే, "సుజాతా వచ్చావా?" అని తలుపు వైపు తిరిగి పిలిచింది. అడిగితే దాచలేదు. చూపు నడిమధ్యలో మసక, చుట్టూ కొంచెం కనిపిస్తుందని చెప్పింది. డాక్టరుకు చూపించారా అంటే, "చూపిస్తే పీటర్‌కు తెలుస్తుంది. తెలిస్తే తీసుకెళ్లిపోతాడు. అక్కడ నాకు పెరడు ఉండదు, కత్తి ఇవ్వరు, పొయ్యి ముట్టుకోనివ్వరు" అంది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పకు" అంది. చెప్పనని మాటిచ్చాను. అప్పటికి నాకు మూడో నెల.

కడుపుతో ఉన్నప్పుడు భయానికి వేరే కారణం అక్కర్లేదు. మా అమ్మ ఫోన్‌లో ప్రతిసారీ ఒకటే మాట, "తెల్వని ఆకులు తినకు బిడ్డా." శ్రీను అయితే పళ్లెంలో ఫెర్న్ చిగుళ్లు చూసి, "పిచ్చి లేసిందా నీకు? కడుపుతోని ఉన్నవు, రోడ్డు పక్క గడ్డి తింటున్నవా? ఆక్లాండ్ వచ్చెయ్యి, చదువు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆమె కళ్ల సంగతి అతనికి కూడా చెప్పలేదు. సెప్టెంబరు వచ్చింది. ఆమె బుట్ట తీసుకుని బయలుదేరితే నేనూ బయలుదేరేదాన్ని. ఆమె తీసిన ప్రతి ఆకునూ వెనకనుంచి చూసేదాన్ని. నేను లేనప్పుడు వెళ్లకండి అంటే సరే అనేది. నాకు లాబ్ ఉన్న రోజుల్లో నిజంగా వెళ్లిందో లేదో నాకు తెలిసేది కాదు. ఇంటికి రాగానే ముందు చెత్తబుట్ట చూసేదాన్ని.

పెరటి చివర చిన్న నీటి కాలువ ఉండేది. అక్కడ ఆమె సెరి అనే ఆకు పెంచేది. కొత్తిమీరకు, వాముకు అక్కచెల్లెలి లాంటి ఆకు. ఎప్పుడో ఒక స్నేహితురాలు వేరు ఇస్తే నాటిందట. అడవిలోంచి కోసింది కాదు, ఇంట్లో నాటుకున్నది కనుక ఆ ఒక్క ఆకు గురించి మాత్రం నేను నిశ్చింతగా ఉన్నాను.

ఆ రోజు శనివారం. నేను లాబ్ నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చాను. బల్ల మీద అన్నీ వడ్డించి ఉన్నాయి. అన్నం, చేపముక్క, పులుసు, రెండు చిన్న గిన్నెల్లో ఉడికించి, నీళ్లు పిండేసి, వేలెడంత కట్టలుగా కోసి, నువ్వులు చల్లిన ఆకుకూర. "ఈ ఏడు మొదటి సెరి. నీ కోసం ఆగాను, ఆకలేసి కొంచెం తినేశాను" అంది. ఆమె గిన్నె సగం ఖాళీగా ఉంది. నేను కూర్చున్నాను. గిన్నె ముందుకు లాక్కోగానే ఒక వాసన తగిలింది. నువ్వుల వాసన కింద, చాలా కింద, మా ఇంట్లో వడ్లు పోసే గుమ్మిలోకి తల పెడితే వచ్చే వాసన. ఎలుకలు తిరిగిన వాసన. ఐదో నెలలో నా ముక్కుకు అన్నీ అతిగానే తోచేవి కనుక, ఇది నా ఒంటి పిచ్చేలే అనుకున్నాను. ఫుమికో ఆంటీ నా వైపు ముఖం పెట్టి కూర్చుంది. "ఒక్క ముద్ద. పాప కోసం" అంది. ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఒక కట్టలో కొంచెం తుంచి నోట్లో పెట్టుకున్నాను. మింగాను కూడా.

చేప మీదికి నిమ్మకాయ కోసం లేచి సింక్ దగ్గరికి వెళ్లాను. అక్కడ ఆమె కోసి పడేసిన కాడలు ఉన్నాయి. వాటిమీద ఊదారంగు మచ్చలు, ఎవరో సిరా చిలకరించినట్టు. నది ఒడ్డున నడిచే దారిలో నిలబెట్టిన బోర్డు మీద ఆ మచ్చల బొమ్మ నేను వారానికి రెండుసార్లు చూస్తూనే ఉన్నాను. హెమ్‌లాక్, ప్రాణం తీసే విషపు మొక్క. ఒక కాడ తీసి నలిపాను. వేలికి ఎలుకల కంపు అంటుకుంది.

"ఆంటీ, తినకండి! ఉమ్మేయండి!" అని నేను అరిచిన అరుపుకు ఆమె చేతిలోని తినే పుల్లలు జారిపోయాయి. ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె ముఖంలో రంగు మారడం నేను చూశాను. నా ముఖం ఆమెకు కనిపించలేదు. వేలు గొంతులో పెట్టుకుని వాంతి చేసుకోబోయాను, రాలేదు. ఫోన్ దగ్గరికి పరుగెత్తి రిసీవర్ ఎత్తాను. ఆమె గోడ పట్టుకుని వచ్చి నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఆగు. ఒక్క నిమిషం ఆగు. నాకు ఏమీ కాలేదు. అంబులెన్సు వస్తే పీటర్‌కు తెలుస్తుంది."

నేను ఆగాను. ఎంతసేపో ఖచ్చితంగా చెప్పలేను. పొయ్యి మీద నీళ్లు మరగడం మొదలై, మూత ఎగరడం మొదలైనంత సేపు. మాటిచ్చానన్నది ఒకటి. నాకు ఏమీ కాలేదన్న ఆమె మాట నిజం కావాలని నా ఒళ్లంతా కోరుకోవడం ఒకటి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. రోజూ ఆ వేళకు కదిలే బిడ్డ కదలడం లేదు. అంతలో ఫుమికో ఆంటీ, "కాళ్లు" అంది.  గోడ వెంబడి మెల్లగా జారి నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు నంబరు నొక్కాను.

ఆస్పత్రిలో ఆమెను ఒక వైపు, నన్ను ఇంకో వైపు తీసుకుపోయారు. నాకు బొగ్గుపొడి కలిపిన నల్లటి నీళ్లు తాగించారు. తర్వాత ఒక మిడ్‌వైఫ్ వచ్చి నా పొట్ట మీద చల్లటి జెల్ రాసి, చిన్న యంత్రం ఆనించింది. మొదట బుసబుస మన్న చప్పుడు. ఆమె యంత్రాన్ని ఎడమకు జరిపింది, కిందికి జరిపింది. నా గుండె చప్పుడే నాకు వినిపించి, అదేనా అన్నాను. "కాదు, అది నువ్వు" అంది ఆమె. కిటికీలోంచి కారు పార్కింగ్, దాని వెనక ఎండలో పచ్చటి గట్టు కనిపిస్తున్నాయి. ఆ గట్టు మీది ప్రతి ఆకూ నాకు విషంలా కనిపించింది. మా నాయనమ్మ కోసుకొచ్చిన కూరలు కూడా గుర్తొచ్చాయి, ఆమె ఎన్నడూ పొరపాటు పడలేదా, మా అదృష్టమేనా అనిపించింది. మళ్లీ యంత్రం జరిగింది. గుర్రం దూరంనుంచి పరుగెత్తి వస్తున్నట్టు టకటకటక మని వినిపించింది. నేను ఏడ్చిన ఏడుపుకు ఆమె యంత్రం తీసేయబోతే, "తీయకండి, ఇంకాసేపు" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఫుమికో ఆంటీ ఊపిరి బలహీనమైందని మెషీన్ పెట్టారు. ఉడికించిన నీళ్లు పారబోయడం వల్ల విషం కొంత తగ్గి ఉంటుందని, ఇంకో నాలుగు ముద్దలు తిని ఉంటే చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆ తర్వాత కాగితం, పెన్ను తీసుకుని, "ఆ ఆకు కోసింది ఎవరు?" అని అడిగాడు.

"నేనే" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అనేదాన్ని కాదేమో. మర్నాడు పొద్దున విమానంలో దిగిన పీటర్ నన్ను వరండాలోకి పిలిచాడు. పొడుగాటి మనిషి, కళ్లు మాత్రం తల్లివి. "మీ దేశంలో ఎక్కడ పడితే అక్కడ కోసుకు తింటారేమో నాకు తెలియదు. మా అమ్మకు డెబ్బై ఏళ్లు. నువ్వు ఆమెను చంపబోయావు. అది నీకు అర్థమవుతోందా?" అన్నాడు. అవుతోంది, క్షమించండి అన్నాను. మంచం మీద ఆమెకు అప్పటికి మెలకువగానే ఉంది. తలుపు తెరిచే ఉంది. ఆమె కళ్లు మూసుకుని అలాగే పడుకుంది. నిజం చెప్పి నన్ను కాపాడుతుందని ఎదురుచూశాను. నోరు తెరవలేదు.

వారానికి ఆమె ఇంటికి వచ్చింది. నన్ను ఖాళీ చేయించమని పీటర్ అంటే ఆమె ఒప్పుకోలేదు. థాంక్స్ చెప్పలేదు, సారీ చెప్పలేదు. రెండో రోజు పెద్ద పార నా చేతికి ఇచ్చి, పెరటి చివరికి తీసుకెళ్లి, "అన్నీ తవ్వెయ్. మంచివీ చెడ్డవీ, అన్నీ" అంది. కడుపుతో ఉన్నానని గుర్తొచ్చి మళ్లీ తనే పార తీసుకుంది. నేను పక్కన నిలబడి, ఎడమకు, ఇంకొంచెం ముందుకు అని చెబుతుంటే, ఆమె ముప్పై ఏళ్ల సెరి వేర్లను, వాటి మధ్య తనంతట మొలిచిన హెమ్‌లాక్ వేర్లతో కలిపి పెకలించింది. చివరన మోకాళ్ల మీద కూర్చుని, మట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని, "నా వేళ్లకు తెలుసనుకున్నాను" అంది. ఆ రోజు నుంచి నేను ఆకు చూసి సరే అంటేనే ఏదైనా గిన్నెలోకి వెళ్లేది. అది నాకు ఇంకా పెద్ద భయమైంది. రెండు నెలల పాటు పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కొక్క కాడనూ తిప్పి తిప్పి చూసి, అప్పుడు సరే అనేదాన్ని. తిన్నాక ఏమైనా అవుతుందేమోనని ఇద్దరం అరగంట సేపు బల్ల దగ్గరే కూర్చునేవాళ్లం.

డిసెంబరులో నా చదువైపోయింది. శ్రీను కారు తెచ్చాడు. బయలుదేరే ముందు, ఒంటరిగా ఏదీ కోయనని ఆమె చేత మాట తీసుకున్నాను. "కోయను" అంది, నా భుజం పక్కన ఎక్కడో చూస్తూ. జనవరిలో నిత్య పుట్టింది. పది వేళ్లూ లెక్కపెట్టుకున్నాను, గుండె మీద చెవి పెట్టి విన్నాను. ఆ పిల్ల నడిచే దాకా నాకు ఆ రోజు మింగిన ముద్ద గొంతులోనే ఉన్నట్టుండేది.

ప్రతి సెప్టెంబరులో దాదాపు రోజూ ఫోన్ చేసేదాన్ని. "ఏం తిన్నారు ఆంటీ?" అంటే, "సూపర్‌మార్కెట్ పాలకూర" అనేది. చెప్పే తీరులో అబద్ధం వినిపిస్తుందేమోనని చెవి పెట్టి వినేదాన్ని. మూడో ఏడు ఒక పొద్దున ఫోన్ ఎత్తలేదు. పది గంటలకు ఎత్తలేదు, పదకొండుకు ఎత్తలేదు. నా కళ్ల ముందు ఆమె గోడ వెంబడి జారి నేల మీద కూర్చోవడం తప్ప ఇంకేమీ లేదు. మధ్యాహ్నానికి నా వల్ల కాలేదు. పీటర్ నంబరు నొక్కాను. ఆమెకు కళ్లు కనిపించవు, ఆ రోజు కోసింది నేను కాదు, ఆమే, నేను అబద్ధం చెప్పాను అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అతను అంతా విన్నాడు. తర్వాత, "థాంక్యూ" అని పెట్టేశాడు.

ఫుమికో ఆంటీ ఆ రోజు పక్కింటావిడతో కలిసి పువ్వుల ప్రదర్శన చూడటానికి వెళ్లింది. అంతే. సాయంత్రం తనే ఫోన్ చేసి, ఎన్నిసార్లు చేశావని నవ్వింది. పీటర్ సంగతి నేను చెప్పలేదు. రెండు రోజుల తర్వాత అతను వచ్చి కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నెల తిరిగేసరికి ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఆమెను క్రైస్ట్‌చర్చ్ తీసుకెళ్లి తన ఇంట్లో పెట్టుకున్నాడు. నేను భద్రంగా ఉంటుందనుకున్న ఆ ఊళ్లోనే కొన్నేళ్లకు భూకంపం వచ్చింది. టీవీ ముందు పొద్దంతా నిలబడి ఉన్నాను. ఆమెకు గీత కూడా పడలేదు కానీ ఇల్లు బీటలు వారింది. అప్పుడు ఆమెను వృద్ధుల హోమ్‌కు మార్చారు. నా మీద ఆమె ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలిక అయ్యేది.

ఇప్పుడు మా ఇంట్లో ఆకుకూర మూడుసార్లు కడిగామని రాసి ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో వస్తుంది. తారీఖు దాటితే నిత్య పారేస్తుంది. ఆమెకు ఇరవై రెండేళ్లు, తుమ్మికూర చూడలేదు, ఏ ఆకునూ నలిపి వాసన చూడదు, దేనికీ భయపడదు. ఇటీవలే ఆమెకు ఇదంతా చెప్పాను. "మామ్, యూ డిడ్ ద రైట్ థింగ్. షీ కుడ్ హావ్ డైడ్" అంది. నిజమే. కానీ ఆ ఇంట్లో భయపడుతూ తిన్న ప్రతి ముద్ద రుచీ నాకు ఇప్పటికీ విడివిడిగా గుర్తుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా నిర్భయంగా తిన్న అన్నాల్లో ఒక్కటీ గుర్తులేదు. దీన్ని ఎటు వేసి తూచాలో నాకు తెలియదు.

ఆమెను నేను ఆఖరుసారి చూసింది రెండేళ్ల కిందట, హోమ్‌లో. వెచ్చటి గది, నున్నటి దుప్పటి, చేతికి అందేలా పిలుపు గంట. అప్పటికి ఆమెకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. భోజనం బాగుంటుందా అని అడిగాను.

"మెత్తగా ఉంటుంది. ఏం పెడుతున్నారో చెబుతారు, తింటాను. భయం లేదు" అని, దుప్పటి అంచు సవరించుకుని, "రుచి కూడా లేదు" అంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "సెప్టెంబరు కదా. బయట ఏం మొలిచాయి?" అని అడిగింది.

నేను లేచి బయటికి వెళ్లాను. లాన్ అంతా పొట్టిగా కత్తిరించి ఉంది. కంచె పునాదికీ కాలిబాటకీ మధ్య బీటలో ఒక డాండెలయన్ మొలిచి ఉంది. పసుపు పువ్వు, రంపపు పళ్లలాంటి ఆకులు. తోటమాలిని వెతికి పట్టుకుని, ఇక్కడ మందు కొడతారా అని అడిగాను. ఈ వైపు ఎప్పుడూ కొట్టలేదన్నాడు. ఇంకోసారి అడిగాను. ఆకు తుంచితే పాలు కారాయి. కాడ మీద మచ్చలేమైనా ఉన్నాయా అని ఎండకు పెట్టి చూశాను, వాసన చూశాను, మళ్లీ చూశాను.  గదిలో కుళాయి కింద కడిగి ఆమె చేతిలో పెట్టాను. ఆమె వేళ్లు అంచు పొడవునా నెమ్మదిగా నడిచాయి. నలిపింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. అంతా అయ్యాక నా వైపు ముఖం తిప్పి అడిగింది.

"సరేనా?"

"సరే ఆంటీ."

ఆకును రెండుగా చించి ఒక ముక్క నాకు ఇచ్చింది. నోట్లో పెట్టుకోగానే ఆమె ముఖమంతా ముడుచుకుని, తర్వాత మెల్లగా విచ్చుకుంది. వరండాలో నర్సు బండి చక్రాల చప్పుడు దగ్గరికి వస్తోంది. ఇద్దరం పెదవులు గట్టిగా మూసుకుని, గబగబా నమిలి మింగేశాం.